ఉప్పు లేని రొట్టె

మా చెల్లెలికి ఒక ఆలోచన తోచిందంటే ఇక ఆగదు. పెళ్లయి మిలాన్ వెళ్లి పదేళ్లయినా ఆ గుణం మాత్రం పోలేదు. పోయిన ఏడాది ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే, నేను కుక్కర్ మూత పెడుతుండగా ఫోన్ చేసి, "అక్కా, సెప్టెంబరు ఆఖరికి టిక్కెట్లు తీసేస్తున్నా. నువ్వూ అమ్మా వచ్చెయ్యండి. టస్కనీ పల్లెటూళ్లు చూద్దాం. ద్రాక్ష కోతల రోజులు. ఓ రైతింట్లో దిగుదాం. అక్కడి తిండీ, వైనూ, ఆ కొండలూ..." అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

"తిండి సరే. మధ్యలో వైను అన్నావు చూడు, అది అమ్మతో చెప్పావా?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "నువ్వు చెబుతావు కదా అని..." అంది చివరికి.

ఇదీ వరస! ఆలోచన దానిది, తిట్లు తినేది నేను. మావారు మాత్రం, "మీ అమ్మని వైన్ తయారయ్యే ఊరికి తీసికెళ్లడమంటే పాముల పుట్టలోకి ముంగిసని తీసికెళ్లడమే. ఇటలీ వాళ్ల గతేమిటో!" అని నవ్వి, తనకి సెలవు దొరకదని ముందే చెప్పి తప్పుకున్నారు.

మా అమ్మ సంగతి మీకు తెలీదు కాబట్టి చెప్పాలి. మాది నెల్లూరు జిల్లాలో ఓ చిన్న ఊరు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారని విని, జిల్లాలో ఊరూరా ఆడవాళ్లు కొంగులు బిగించిన సంగతి ఆ రోజుల్లో పేపర్లు చదివినవాళ్లకి గుర్తుండే వుంటుంది. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాల్లోంచి పుట్టిన గొడవ అది. నాకప్పుడు పదేళ్లు. మా ఊళ్లో చీపుళ్లూ, కారప్పొడీ పట్టుకుని సారా జీపుకి అడ్డంగా నిలబడ్డవాళ్లలో మా అమ్మ ముందు వరసలో వుంది. ప్యాకెట్ల బస్తా రోడ్డు మీదికి లాగి, ఉత్తి కాళ్లతో ఒక్కొక్క ప్యాకెట్టే తొక్కి పగలగొట్టింది. ఆ వాసన వీధిలో రెండు రోజులుంది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఇంత వాసన ఒక్క మనిషి నోట్లోంచి పదేళ్లు పీల్చినాను" అంది. నాకు అర్థమయిందో లేదో గాని, ఆ మాట మరిచిపోలేదు.

ఆ ఒక్క మనిషి మా నాన్న. మంచివాడు. అంటే, పగటిపూట మంచివాడు. మాకు లెక్కలు చెప్పేవాడు, పద్యాలు పాడేవాడు. చీకటి పడితే వేరే మనిషి. 1993 అక్టోబరులో సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో రాత్రిళ్లు నిద్రపోయాం. 1997లో నిషేధం ఎత్తేశారు. 1999లో నాన్న పోయాడు. ఇంతకంటే వివరంగా రాయడం నాకిష్టం లేదు.

ఇక రెండో సంగతి. ఇది నా సంగతి. నవలలు రాసేదాన్ని, హైదరాబాద్‌లో వుంటాను, నలుగురితో తిరుగుతాను. పుస్తకావిష్కరణలయ్యాక ఏ స్నేహితురాలి ఇంట్లోనో ఓ గ్లాసు వైను పుచ్చుకోవడం నాకు అలవాటే. నెలకొకసారో, రెండు నెలలకొకసారో. మావారికి తెలుసు. పిల్లలకి తెలుసు. అమ్మకి తెలీదు. తెలీదనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

అంచేత అమ్మతో, "చెల్లెలు రమ్మంటోంది, పల్లెటూళ్లు చూపిస్తుందట" అని మాత్రం చెప్పాను. పల్లెటూళ్లు అన్నంత వరకూ నిజమే కదా!

మిలాన్ నుంచి ఫ్లోరెన్సుకి రైల్లో రెండు గంటల ప్రయాణం. మధ్యలో చాలా దూరం బల్లపరుపు నేల. పో నది మైదానం అది. పచ్చిక, మొక్కజొన్న, పశువుల కొట్టాలు. మా మరిది కిటికీలోంచి చూపిస్తూ, "ఈ చుట్టుపక్కల డెయిరీల్లో పాలు పితికేవాళ్లలో చాలామంది పంజాబీలే అత్తయ్యా. ఇక్కడికి దగ్గర్లో నొవెల్లారా అనే ఊళ్లో 2000లో పెద్ద గురుద్వారా కూడా కట్టుకున్నారు. లోకమంతా మెచ్చుకునే ఇటలీ ఛీజు వెనక సర్దార్జీలున్నారు" అన్నాడు. అమ్మకి ఇటలీ మీద మొదటిసారి గౌరవం కలిగింది. "పశువుల్ని చూసేవాళ్లు మనోళ్లయితే పాలు చిక్కంగా వుంటాయిలే" అంది.

ఫ్లోరెన్సులో కారు అద్దెకి తీసుకుని దక్షిణంగా 222వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. ఫ్లోరెన్సు నుంచి సియెనా దాకా ద్రాక్షతోటల మధ్యనించి, కొండలెక్కుతూ దిగుతూ పోయే రోడ్డది. ఆ ప్రాంతం పేరు కియాంతి. మనం సీసా మీద చూసి 'చియాంటీ' అంటాం గాని, ఆ అక్షరాలకి వాళ్లు 'కి' అనే పలుకుతారు. ఏ తోటల వైనుకి ఆ పేరు పెట్టుకోవచ్చో, హద్దులు ఎక్కడిదాకానో 1716లోనే టస్కనీ ప్రభువు మూడో కోసిమో మెడిచి శాసనం రాయించాడు. మనకి పొలం గట్ల తగాదాలే గాని, రుచికి గట్లు వేయాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికి వచ్చిందో!

గ్రేవె అనే ఊళ్లో మధ్యాహ్నం ఆగాం. ముక్కోణంగా వుండే చౌక్, చుట్టూ అరుగుల మంటపాలు, మధ్యలో వెర్రజ్జానో విగ్రహం. 1524లో న్యూయార్కు రేవులో అడుగుపెట్టిన నావికుడు ఈ ప్రాంతం వాడేనట. భోజనం బిల్లులో 'కొపెర్తో' అని తలకింత వేశారు. బల్ల మీద గుడ్డ పరిచి రొట్టె పెట్టినందుకట. "విస్తరికి వేరే డబ్బులా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. తిన్నాక పాలు పోసిన కాఫీ కావాలంది. భోజనం మీద పాల కాఫీ తాగే మనిషిని చూసి ఆ సర్వరు పడ్డ బాధ చూస్తే, మనవాళ్లు పెరుగన్నం తర్వాత పులుసు అడిగిన అతిథిని చూసే చూపు గుర్తొచ్చింది.

అక్కడ ప్రతి దుకాణం మీదా నల్లకోడిపుంజు బొమ్మ. 1924లో తోటలవాళ్లు సంఘం పెట్టుకున్నప్పటినుంచీ అదే వాళ్ల గుర్తు. దాని వెనకో కథ వుంది. పూర్వం ఫ్లోరెన్సుకీ సియెనాకీ ఈ నేల కోసం తగాదా. చివరికి ఒప్పందం చేసుకున్నారు. కోడి కూయగానే రెండు ఊళ్లనుంచీ ఒక్కొక్క రౌతు బయలుదేరాలి, ఎక్కడ ఎదురుపడితే అదే సరిహద్దు. సియెనావాళ్లు తెల్లకోడిని తెచ్చి బాగా మేపారు. ఫ్లోరెన్సువాళ్లు నల్లకోడిని బుట్టలో పెట్టి పస్తులుంచారు. ఆ కోడి తెల్లారకముందే లేచి కూసింది. వాళ్ల రౌతు చాలా దూరం వచ్చేశాడు. దాంతో కియాంతి దాదాపంతా ఫ్లోరెన్సు పాలయింది.

మా మరిది ఇది చెప్పగానే నేను, "మన పందేల వాళ్ల లెక్కలో నల్లకోడి కాకి కదా, కాకి గెలిచిందన్నమాట" అన్నాను. అమ్మ మాత్రం, "తిండి పెట్టకపోతే ఏ కోడయినా కూస్తది. అదేం గెలుపు?" అంది. ఆ కథ ఎన్ని పుస్తకాల్లో వుందో గాని, కోడి పక్షాన మాట్లాడినవాళ్లు నాకు తెలిసి మా అమ్మ ఒక్కతే.

మేం దిగిన ఇల్లు ఓ కొండ వాలులో వుంది. రాతిగోడలు, మందం రెండు మూరలుంటుంది. కింద ఒకప్పటి పశువుల కొట్టం, పైన మనుషులు. ఇలాంటి ఇళ్లు టస్కనీ అంతా కనబడతాయి. వీటిని చూసి మురిసిపోయే టూరిస్టులకి తెలియని సంగతేమిటంటే, ఇవి కౌలు రైతుల ఇళ్లు. భూమీ ఇల్లూ దొరవి, ఒళ్లు రైతుది. పండిన గోధుమా, నూనె, వైనూ అన్నీ సగం సగం. మన సగపాలు లాంటిదే, 'మెజ్జద్రియా' అంటారు. 1964లో చట్టం చేసి కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదన్నారు. అప్పటికే ఫ్యాక్టరీల్లో పనులు దొరికి రైతులు ఊళ్లు వదిలిపోతున్నారు. ఇళ్లు పాడుబడ్డాయి. కొన్ని విదేశీయులు కొనుక్కున్నారు. ఉన్న రైతులు నిలదొక్కుకోడానికి 1985లో ఇంకో చట్టం వచ్చింది. వ్యవసాయం ప్రధానంగా చేసేవాళ్లు ఇంట్లో అతిథుల్ని దింపుకుని డబ్బు పుచ్చుకోవచ్చు, తమ పంట వండి పెట్టవచ్చు. అలా మేం ఇప్పుడు ఓ సగపాలు రైతు ఇంట్లో పడక ఎక్కామన్నమాట.

ఇంటి యజమానురాలికి ఎనభై ఏళ్లుంటాయి. కొడుకూ కోడలూ తోట చూసుకుంటారు. వంటిల్లు మాత్రం ఆవిడదే. మనవలు వచ్చి, "నోన్నా! నోన్నా!" అని ఆవిడ చుట్టూ తిరుగుతుంటే అమ్మ నన్ను గిల్లి, "ఏందిమే, ఆడమనిషిని పట్టుకుని నాన్నా అంటారు?" అంది. నోన్నా అంటే అమ్మమ్మా, నాయనమ్మా అని చెల్లెలు చెప్పింది. ఆ క్షణంనుంచీ ఆవిడ మాకు నోన్నమ్మ అయిపోయింది.

రాత్రి భోజనానికి ముందు బల్ల మీద రొట్టె పెట్టారు. అమ్మ ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని ఆగిపోయింది. "పాపం, ముసలామె ఉప్పు మరిచిపోయింది" అని నాతో మెల్లిగా అని, బల్ల మీది ఉప్పు తీసి రొట్టె మీద చల్లుకుంది. నోన్నమ్మ చూసింది. చెయ్యి గాల్లో తిప్పుతూ ఏదో గట్టిగా అంది. తిట్టిందనుకున్నాను. తీరా చెల్లెలు చెబితే, టస్కనీ రొట్టెకి ఉప్పు వుండనే వుండదట. పూర్వం పీసావాళ్లు ఉప్పు రానివ్వకుండా ఆపేశారని కొందరు, ఉప్పు పన్ను కట్టలేక మానేశారని కొందరు చెబుతారు. ఇప్పుడు ఉప్పు ఖరీదు ఏపాటి? అయినా వేయరు. ఇక్కడి పందితొడ మాంసంలో, గొర్రెపాల ఛీజులో ఉప్పు ఎక్కువ, రొట్టె చప్పగా వుంటేనే సరిపోతుందని వాళ్ల వాదన. మన అన్నానికి ఉప్పు వేసి వండుతామా? ఆలోచిస్తే అంతే.

అమ్మకి ఆ మాట చెప్పాక, ఉప్పు గిన్నె అవతలికి జరిపి, రొట్టెని అన్నంలా చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇబ్బంది లేకపోయింది. మాంసాల జోలికి పోలేదు గాని తినడానికి ఎన్నో వున్నాయి. ఎండిన రొట్టెని నీళ్లలో నానబెట్టి, పిండి, ఉల్లిపాయా, టొమాటో, దోసకాయ ముక్కలూ, తులసి లాంటి ఆకూ, వెనిగరూ, ఆలివ్ నూనె వేసి కలిపిన పంజనెల్లా. అచ్చం చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నంత చల్లగా వుంటుంది. తెల్ల చిక్కుడు గింజల్లాంటివి సేజ్ ఆకు వేసి మెత్తగా ఉడికించి, పైన పచ్చినూనె పోసి ఇచ్చారు. టస్కనీవాళ్లని మిగతా ఇటలీవాళ్లు 'చిక్కుడు గింజలు తినేవాళ్లు' అని ఎగతాళి చేస్తారట. మిగిలిన రొట్టె పారేయడమనే మాట ఆ ఇంట్లో లేదు. టొమాటో రసంలో వేసి ఉడికిస్తే ఒక వంటకం. ఆకుకూరా చిక్కుడూ వేసిన పులుసులో వేసి, మర్నాడు మళ్లీ మరిగిస్తే ఇంకో వంటకం. దాని పేరే 'మళ్లీ మరిగించినది'. ఈ రోజు పెద్ద హోటళ్లలో బోలెడు ధరకి పెడుతున్న టస్కనీ వంట అంతా చద్దివంటే! సగం గోధుమలు దొరకి పోగా మిగిలిన సగంతో ఇల్లు గడిపిన ఆడవాళ్ల తెలివి.

మర్నాడు కొడుకు మమ్మల్ని కింద గదిలోకి తీసికెళ్లాడు. వద్దామా వద్దా అని అమ్మ గుమ్మంలో నిలబడింది. లోపల పెద్ద తొట్లలో కోసిన ద్రాక్ష చిదిపి పోసి వుంది. ద్రాక్ష పేరు సాంజొవేజె. జూపిటర్ దేవుడి నెత్తురు అని దానికి అర్థం చెబుతారు. నల్లగా, చిన్నగా వుంటుంది. రసం తెల్లనిదే, రంగంతా తోలులోనే. అందుకే తోలుతో సహా పులవబెడతారు. పులుస్తున్నప్పుడు గాలి బుడగలు తోలునంతా పైకి నెట్టి గట్టి అట్టలా చేస్తాయి. దాన్ని రోజూ కిందికి అదిమి తడపకపోతే చెడిపోతుంది. ఆ గాలి పీల్చితే మనిషి పడిపోతాడు. అందుకని పూర్వం ఇలాంటి గదుల్లోకి కొవ్వొత్తి పట్టుకుని వచ్చేవాళ్లట. దీపం కొండెక్కితే వెనక్కి పరుగే.

అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు లోపలికి వేసింది. కొంగు తీసి వాసన చూసింది. మళ్లీ పెట్టుకుంది.

"దోసెపిండి పులిసిన వాసనే" అంది. కాసేపాగి, "బెల్లం ఊట గూడా మొదట ఇట్టనే వుంటది" అంది.

ఇక్కడ ఊటని కాచి ఆవిరి పట్టరనీ, అలాగే నిలవబెడతారనీ, నూటికి పన్నెండు పదమూడు పాళ్లే ఆల్కహాలు వుంటుందనీ, ఏడాది గడిస్తే గాని సీసా బయటికి రాదనీ మా మరిది చెప్పబోయాడు. వైన్ ఎంత శుభ్రమైనదో అత్తగారికి నచ్చచెప్పాలని ఆయన తాపత్రయం. "కల్తీ వుండదా?" అంది అమ్మ ఒక్క ముక్క. మరిది నిజాయితీపరుడు. నసిగి, చెప్పేశాడు. 1986లో ఈ దేశంలోనే, ఉత్తరాన, చవక వైనులో మిథైల్ ఆల్కహాలు కలిపి అమ్మారు. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. కొందరికి కళ్లు పోయాయి. ఆ తర్వాతే తనిఖీలు గట్టిపడ్డాయి. అమ్మ తల పంకించింది. "చచ్చినోళ్లు చవకది తాగినోళ్లే" అంది. అది ప్రశ్న కాదు.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. బల్ల మీద పదిమందిమి. కొడుకు, కోడలు, పిల్లలు, ఓ జర్మన్ దంపతులు, మేం. మధ్యలో లేబులు లేని సీసా. నోన్నమ్మ తన గ్లాసులో సగం పోసుకుంది. కోడలికి పోసింది. మగవాళ్లకీ పోసింది. పదిహేనేళ్ల మనవడికి గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో ఓ చెంచాడు వైను కలిపింది. అమ్మ ఆ చెంచాడు కేసి చూసిన చూపు నేను చూశాను. నా దగ్గరికొచ్చేసరికి నేను గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వాను. ఆ అబద్ధపు నవ్వు నాకే నచ్చలేదు.

అమ్మ చెల్లెలి వైపు తిరిగి, "ఈమె మొగుడు తాగి కొట్టేవాడా అని అడుగుమే" అంది.

చెల్లెలి మొహం ఎర్రబడింది. "అమ్మా! అలాంటివి అడుగుతారా?"

"అడగకపోతే ఎట్ట దెలుస్తది? అడుగు."

చెల్లెలు నా వంక చూసింది. నేను బల్ల వంక చూశాను. చివరికి అది ఎలా మెత్తగా చుట్టి అడిగిందో నాకు తెలీదు గాని, బల్ల దగ్గర ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. కొడుకు ఏదో అనబోయాడు. నోన్నమ్మ చెయ్యెత్తి ఆపింది. అమ్మ కేసే చూస్తూ, భాష వచ్చినావిడతో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు ముక్కముక్కా తెనుగు చేసింది.

మొగుడు కాదు, తండ్రి. ఆవిడ చిన్నప్పుడు మంచి వైనంతా దొర పాలికీ, అమ్మకానికీ పోయేది. పిండేసిన పిప్పి మీద నీళ్లు పోసి నానబెట్టిన పల్చని నీళ్లే ఇంట్లో తాగేవాళ్లు. ఇంటి పెద్ద మగవాడు మగవాళ్ల పనులు చూసేవాడు, పెద్దావిడ వంటిల్లూ కోళ్లూ చూసేది, కానీ వైను గది తాళంచెవి మగవాడి నడుముకే వుండేది. తండ్రి ఆదివారాలు ఊళ్లో మందుకొట్టుకి పోయేవాడు. రాత్రి ఆయన్ని తీసుకురావడానికి ఈవిడని పంపేవాళ్లు. తొమ్మిదేళ్ల పిల్ల, లాంతరు పట్టుకుని. వెనక్కి వచ్చే దారిలో ఎన్నిచోట్ల పడేవాడో ఇప్పటికీ ఆ రాళ్లు చూపించగలదట. ఇంటికొచ్చాక తల్లి సంగతి చెప్పలేదు. చేత్తో చెంప మీద కొట్టినట్టు చూపించి ఊరుకుంది.

"పెళ్లయ్యాక, అప్పు చేసి ఈ నేల కొనుక్కున్నప్పుడు, నా మొగుణ్ని నేను అడిగింది ఒకటే. గది తాళంచెవి" అంది. పొయ్యి పక్కనున్న మేకు చూపించింది. జానెడు పొడుగు ఇనప తాళంచెవి వేలాడుతోంది. సీసా బల్ల మీదికి రావాలన్నా, ఎంత రావాలన్నా ఈవిడ చేతి మీదుగానే. యాభై ఏళ్లు అలాగే గడిచిందట. మొగుడు మంచివాడే, కాని తాళంచెవి ఇంకా మంచిది, అని నవ్వింది.

అమ్మ నవ్వలేదు. లేచి వెళ్లి ఆ తాళంచెవిని మేకు మీంచి తీసి, బరువు చూసి, మళ్లీ తగిలించి వచ్చి కూర్చుంది.

"మాకు తాళంచెవి యాడ ఇచ్చినారు?" అంది మెల్లిగా. "అంగడి వేలంపాట పాడుకున్నోడి దగ్గర వుండె."

చెల్లెలు ఆ మాట తర్జుమా చేయలేదు. ఎలా చేస్తుంది? వేలంపాట అంటే ఏమిటో, సర్కారు ఎందుకు పాట పెట్టేదో, ఆ ఆదాయం లేకపోతే ఖజానా గడవదని నిషేధం ఎందుకు ఎత్తేశారో, ఇదంతా చెప్పాలంటే తెల్లారిపోతుంది. ఇంటి లోపల వుంటే తాళం వేసుకోవచ్చు. వీధి చివర వుంటే ఏం చేయాలి? తొక్కి పగలగొట్టాలి. మా అమ్మ చేసింది అదే. నోన్నమ్మ కన్నా మా అమ్మ ఎక్కువనో తక్కువనో అనడం లేదు. ఇద్దరూ చేతనైంది చేశారు.

తర్వాత మాటలు వేరే దారిన పడ్డాయి. పిల్లలు లేచిపోయారు. అప్పుడు అమ్మ నా గ్లాసు తీసి నోన్నమ్మ ముందుకి జరిపింది. పొయ్యమని సైగ చేసింది. ఆవిడ సగం పోసింది. అమ్మ దాన్ని నా ముందు పెట్టింది.

"నాకెందుకమ్మా?" అన్నాను. నా గొంతు నాకే పిల్లి గొంతులా వినిపించింది.

"పుస్తకాలు రాస్తావు, నలభై దాటినాయి. నాకు దెల్దనుకుంటివా? పోయిన ఉగాది ముందర పుస్తకం సభ అయినాక ఇంటికొచ్చి నా పక్కన పండుకున్నావే, లవంగం నములుతా వుండావు." ఆగి, "మీ నాయన గూడా లవంగమే నమిలేవాడు" అంది.

నాకు మాట రాలేదు. అంత చిన్న లవంగం నన్ను ఎక్కడ నిలబెట్టిందో మీరే ఊహించుకోండి. నేను ఆయనలాంటి దాన్ని కాదు అని చెప్పాలనిపించింది. ఎన్ని తేడాలో లెక్కపెట్టి చెప్పగలను. కాని లవంగం మాత్రం అదే.

"తాగితే తాగు, మానితే మాను. అది నీ ఇష్టం. దాంకోని మాత్రం తాగబాక. దాంకునేకాడే మొదలయితది" అంది అమ్మ. అని రొట్టె ముక్క తుంచుకుంది.

రెండు గుటకలు తాగాను. నా జన్మలో అంత కష్టపడి ఏదీ తాగలేదు. వగరుగా వుంది. జామపిందె కొరికినట్టు నాలుక పట్టేసింది. అమ్మ చూస్తోంది కదా అని తోచక, నూనె పోసిన చిక్కుడు గింజలు ఓ చెంచా తిని, ఉప్పు లేని రొట్టె కొరికి, మళ్లీ ఓ గుటక తాగాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వగరు నూనె జిడ్డుని కడిగేసింది, చప్పరొట్టె ఆ వగరుని మింగేసింది. మూడూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టున్నాయి. హైదరాబాద్‌లో జీడిపప్పు వేపుడుతో తాగినప్పుడు ఇది తెలియలేదు. మిగిలింది తాగలేకపోయాను. నోన్నమ్మ ఏమీ అనకుండా ఆ గ్లాసు తీసి తన వెనిగర్ జాడీలో ఒంపేసింది.

ఒకప్పుడు, 1970 ప్రాంతాల్లో, ఈ దేశంలో తలకి ఏడాదికి నూరు లీటర్ల పైన వైను తాగేవాళ్లట. ఇప్పుడు అందులో సగం కూడా లేదని కొడుకు విచారంగా చెప్పాడు. ఆయన వ్యాపారం ఆయనది. అమ్మకి ఆ మాట తెలుగులో చెప్పగానే, ఆ పర్యటన మొత్తంలో మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది.

మూడోరోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ పక్క మీద లేదు. వంటింట్లో ఇద్దరు ముసలమ్మలూ పిండి మీద పడ్డారు. కోతల రోజుల్లో మాత్రమే చేసే ద్రాక్ష రొట్టె అది. పులిసిన పిండి పల్చగా పరిచి, వైను ద్రాక్షపళ్లు గుత్తులు దూసి ఒత్తుగా పోసి, పంచదార చల్లి, పైన ఇంకో పొర పిండి కప్పి, మళ్లీ ద్రాక్ష, మళ్లీ పంచదార, ఆలివ్ నూనె. పొయ్యిలో పెడితే రసం పొంగి, రొట్టె అంచులన్నీ ఊదారంగు పాకం కడుతుంది. అమ్మ వేళ్లు మోచేతుల దాకా ఊదాగా వున్నాయి. ఒకళ్ల భాష ఒకళ్లకి రాదు. ఒకళ్లనొకళ్లు గదమాయించుకుంటూ నూనె ఇంత, పంచదార అంత అని దెబ్బలాడుకుంటున్నారు. రొట్టె తింటుంటే గింజలు పంటికింద పటపటమన్నాయి. అమ్మ రెండు ముక్కలు తిని, మూడోది కాగితంలో చుట్టుకుంది.

వచ్చాక, ఈ మధ్య ఓ ఆదివారం అమ్మ మా ఇంట్లో ఆ రొట్టె చేస్తానంది. బజారుకి పంపి కిలో నల్లద్రాక్ష తెప్పించాను. మేలురకం, గింజల్లేనివి, ఖరీదు ఎక్కువే. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని నమిలి, "గింజే లేకపోతే అదేం పండుమే?" అంది. అయినా చేసింది. పిండి కలుపుతున్నప్పుడు నేను పక్కనే వున్నాను. చుట్టూ చూసి, నోన్నమ్మ ఎక్కడా లేదని రూఢి చేసుకున్నట్టు, ఓ చిటికెడు ఉప్పు వేసింది.